సొరబుర్రలో దాచిన చేపనూనె గోళీలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అన్నిటికన్నా భద్రమైన చోటు, వంటింట్లో పొయ్యి మీద వేలాడే ఎండు సొరబుర్ర. గురజాల దగ్గర పల్లె మాది. మా నాయనమ్మ మరుసటి ఏటికి కావలసిన బీర, కాకర, చిక్కుడు గింజలను అందులో పోసి, మూతికి గుడ్డ బిగించి, పొగ తగిలేలా దూలానికి కట్టేది. పొగలో ఉన్న గింజకు పురుగు పట్టదు. ఆమె దాచిన గింజ మొలవకపోవడం నేను చూడలేదు.

నేను మూడో తరగతిలో ఉండగా తమ్ముడు పుట్టాడు. కాన్పు తర్వాత అమ్మ బాగా నీరసించిపోయింది. బిందె ఎత్తితే కళ్లు తిరిగేవి. విజయపురి సౌత్‌లో డ్యాం పనుల్లో ఉన్న మా మేనమామ అక్కడి డాక్టరును అడిగి, బలానికని ఒక సీసా చేపనూనె గోళీలు తెచ్చాడు. రోజుకు ఒకటి మింగాలి. పసుపుపచ్చగా, లోపలి నూనె కనిపిస్తూ భలే ఉండేవి. గాజు సీసాను పిల్లలు పగలగొడతారని నాయనమ్మ భయం. గోళీలన్నీ గుడ్డలో మూటకట్టి సొరబుర్రలో గింజల పైన పెట్టి, ఖాళీ సీసా నాకు ఆటకు ఇచ్చింది.

అది ఎండాకాలం. పల్నాడు ఎండకు పొయ్యి సెగ తోడైంది. వారం తిరక్కుండానే మూట విప్పితే గోళీలు లేవు. ముక్కు మూసుకోవలసినంత వాసనతో బంకలాంటి ముద్ద ఉంది.

"ఏం కాలేదులేవే. కాసింత గిల్లి మింగు. ముద్దయితే బలం ఏడికి పోద్ది?" అంది నాయనమ్మ.

నేను సీసా తెచ్చి, దాని మీది గడువు తేదీ అంకెలు చదివి, ఇంకా ఏడాదికి పైగా గడువుందని లెక్క చెప్పాను. అంకెలంటే నాకు అప్పటికే మహా గురి. అత్తగారి మాట, కూతురి లెక్క ఒక్కటయ్యేసరికి అమ్మ కాదనలేక చెయ్యి చాపింది.

అప్పుడే పొలం నుంచి వచ్చిన మా తాతయ్య గడపలో నిలబడి, "ఆగమ్మాయ్" అన్నాడు. జాడీలోంచి బెల్లం ముక్క తీసి, పల్చటి గుడ్డలో కట్టి, సొరబుర్ర పక్కనే వేలాడదీశాడు.

"ఏందయ్యా నీ చోద్యం? బెల్లం ఎవురన్నా పొయ్యి మీద కడతారా?" అంది నాయనమ్మ.

"గోళీలు కట్టినోళ్లున్నారుగా. రేపటిదాకా చూద్దాం."

మర్నాడు నాయనమ్మ సంకటి కెలుకుతుంటే పాకం చుక్క సరిగ్గా ఆమె పాపిట్లో పడింది. తల తడుముకుని, వేలు నాకి, పైకి చూసింది. ముందు నవ్వింది ఆమే. "చాల్లేవయ్యా, తెలిసింది! బెల్లాన్నే కరిగించే సెగ మందును చెడగొట్టకుండా ఉంటదా!" అంటూ ఆ ముద్దను తనే తీసుకెళ్లి పెంటదిబ్బలో పారేసింది.

కబురందుకున్న మామయ్య కొత్త సీసాతో బస్సు దిగాడు. మాకెవరికీ రాని ఇంగ్లీషు అక్షరాలు, తేదీ కింద ఉన్నవి, చదివి చెప్పాడు. చల్లగా, పొడిగా, వెలుతురు తగలని చోట, మూత బిగించి ఉంచాలట. అలా ఉంచితేనే ఆ తేదీ దాకా మంచిగా ఉంటాయట.

"అట్టయితే నీళ్ల కుండ పక్కన పెడతా. చానా చల్లగుంటది" అంది నాయనమ్మ.

"చెమ్మ గూడా పనికిరాదత్తయ్యా!"

చివరికి నడిమింట్లో, ఎండ పడని గోడకున్న నాపరాయి అలమరలో కింది అర కుదిరింది. గోళీలు ఈసారి వాటి సీసాలోనే ఉన్నాయి. రోజూ నాయనమ్మే తీసి ఇచ్చి, అమ్మ మింగేదాకా ఎదురుగా నిలబడేది. తమ్ముడు పాకే నాటికి అమ్మ నీళ్ల బిందె మళ్లీ చంకనెత్తుకుంది.

ఇప్పుడు నరసరావుపేటలో నా క్యాల్షియం మాత్రలు నేనే కొనుక్కుంటాను. తేదీ చూడటం మానలేదు. ఆ తర్వాత, ఎండ పడే అద్దాల బీరువాలోది వద్దని, లోపలి అరలోది ఇమ్మని అడుగుతాను. "మందు కొంటన్నావా మామ్మా, సంబంధం చూస్తన్నావా?" అంటాడు షాపతను. అయినా లోపలికెళ్లి తెచ్చిస్తాడు. ఇంటికి వచ్చేటప్పుడు నేనూ, ఆ డబ్బా నీడపట్టునే నడుస్తాం.