బలవంతంగా సెలవు పెట్టించిన పెద్దక్క

పోయిన ఆదివారం ప్రార్థన నుంచి వచ్చి చెప్పులు విప్పుతుండగా ప్రొద్దుటూరు నుంచి ఫోను వచ్చింది. మా పెద్దక్క పోయిందట. సంగటి తిని, కాసేపు నడుం వాలుస్తానని పడుకుని మళ్లీ లేవలేదట. ఎనభై దాటిన మనిషి. ఏడ్చాను గానీ, ఆ పోయిన తీరు వింటే మనసుకు నిమ్మళంగానే అనిపించింది. నడుం వాల్చడం కూడా పనిలో భాగమేనని జన్మంతా మాతో పోట్లాడింది మరి.

ఫ్యాక్షన్ గొడవల్లో తండ్రుల్ని పోగొట్టుకున్న పిల్లల కోసం జమ్మలమడుగులో మిషను వాళ్లు నడిపిన హాస్టలుకు ఆమె వార్డెన్. చుట్టం కాకపోయినా అందరం పెద్దక్క అనే పిలిచేవాళ్లం. నేను తొండూరు నుంచి వచ్చి ఆయాగా చేరాను. ఈ పార్టీ వాళ్ల పిల్లలూ ఆ పార్టీ వాళ్ల పిల్లలూ పక్కపక్క చాపల మీద పడుకునేవాళ్లు. ఎవరిది ఏ పార్టీ అని అడగకూడదన్నది ఆమె మొదటి కట్టడి.

రెండో కట్టడి మాకు. రోజూ సాయంత్రం ఆయాలందర్నీ చెనిక్కాయల చేట చుట్టూ కూర్చోబెట్టేది. కాయలు ఒలుస్తూ, ఆ రోజు పిల్లల నోట విన్నదంతా చెప్పేయాలి. "మూటగట్టుకోని ఎత్తుకపోవద్దు. విన్నెది ఈడే పారబోసి పోండి" అనేది. వారానికో సెలవు తప్పనిసరి. వద్దన్నవాళ్లకు ఒకటే మాట: "దేవుడే ఏడో దినం కూసున్యాడు. నువ్వేంది, ఆయప్ప కంటే గట్టిదానివా?"

నేను వినే రకం కాదు. ఏడేళ్ల పాప ఒకతి వచ్చింది. వాళ్ల నాయనను దాని కళ్ల ముందే చంపారు. అప్పట్నుంచి నోట మాట లేదు. నేను పెడితేనే తినేది, నా కొంగు వదిలేది కాదు. నేను కదిలితే ఆ బిడ్డ బతకదని నిశ్చయించుకున్నాను. నాలుగు నెలలు ఒక్క సెలవూ తీసుకోలేదు, చేట దగ్గరికి పోవడమూ మానేశాను. అందులో కొంచెం గర్వం కూడా ఉండేదని ఇప్పుడు ఒప్పుకుంటాను.

ఒక మధ్యాహ్నం ఎన్నికల్లో గెలిచినవాళ్ల ఊరేగింపు మా వీధిలో పోయింది. టపాసుల మోతకు పాప బల్ల కిందికి దూరింది. పక్కనున్న ఇంకో పిల్ల పకపకా నవ్వింది. అది భయంతో వచ్చిన నవ్వని నాకు తట్టలేదు. చెంప పగలగొట్టాను. దానికీ నాయన లేడు.

పెద్దక్క తిట్టలేదు. నా నడుముకున్న తాళంచెవులు తీసుకుంది.

"తొండూరికి పో. పది దినాలు ఈ దిక్కు రావద్దు."

"పనిలోనుంచి తీసేస్తాండావా అక్కా?"

"తీసేసేదైతే పది దినాలని యాల చెప్తా? పోయి మీ యమ్మ చేతి కూడు తిను."

"పాప తినదక్కా. సచ్చిపోతాది."

"మేం ల్యామా ఈడ?"

బస్సులో ఆమెను తిట్టుకుంటూనే పోయాను. నాలుగు రోజులు ఒకటే నిద్ర. మా అమ్మ భయపడి నా ముక్కు దగ్గర వేలు పెట్టి చూసిందట. ఆ తర్వాత ఆకలేసింది. ఆ తర్వాత, నేను కొట్టిన పిల్ల ముఖం గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

పదకొండో రోజు తిరిగి రాగానే మొదట ఆ పిల్ల దగ్గరికి పోయి, చేతులు పట్టుకుని, తప్పయిందన్నాను. తర్వాత పెద్దక్కను అడిగాను.

"పాప తినిందా అక్కా?"

"రెండు దినాలు సరిగా తినల్యా. మూడోనాడు వంటామె పెడితే తినింది. నిన్న మాట్లాడింది గూడా."

"ఏమనింది? నన్ను అడిగిందా?"

"ల్యా. ఇంకొంచెం చారు పొయ్యమనింది."

నాలుగు నెలలు నేను మోస్తే, తొలి మాట వంటామెకా? అదీ చారు కోసమా? పెద్దక్క నా ముఖం చూసి నా చేతిలో తాళంచెవులు పెట్టింది.

"నువ్వు ల్యాకున్నా తినింది పాప. మనకు గావాల్సింది అదే గదా" అంది.

ఆ మాట పట్టుకునే తర్వాత పాతికేళ్లు ఆ పిల్లల మధ్య పనిచేశాను, వారం వారం సెలవు తీసుకుంటూ. ఆమెకు నేను పడిన రుణం అది. కానీ ఆ రోజు మాత్రం ఆ మాట రుచించలేదు. తాళంచెవులు నడుముకు దోపుకుని పెరట్లోకి నడిచాను.

నలుగురు ఆడపిల్లలు తొక్కుడుబిళ్ల ఆడుతున్నారు. పాప ఒంటికాలి మీద ఉంది. ఎవరో జడ వేశారు, నాకంటే బాగా వేశారు. నన్ను చూసి నవ్వింది. పరుగెత్తుకొస్తుందని చేతులు చాచాను. రాలేదు. దాని వంతు ఇంకా అయిపోలేదు. ముందు గడిలోకి గెంతింది.