రెండు మెగావాట్ల నల్లగొండ దొర

పొద్దున అయిదింటికి కట్టంగూర్‌లో బస్సెక్కాను. సోలార్ కరెంటు అమ్మడానికి దరఖాస్తు పెట్టారు కదా, భూమి కాగితాలు తెచ్చి చూపించమని ఆత్మకూర్ కరెంటాఫీసు నుంచి కబురొచ్చింది. కబురంటే పెద్ద అధికారి బతిమాలాడనుకునేరు, సెల్లుకొచ్చిన రెండు వరుసల మెసేజీ.

నల్లగొండలో ఆరున్నరకు దేవరకొండ బస్సు. నిండా ఆడవాళ్లే. వాళ్లకు టికెట్టు ఫ్రీ, డబ్బులిచ్చింది నేనొక్కణ్నే. సరే, వెనకాల ఇంకో ఇద్దరు ముసలాళ్లు కూడా ఉన్నారు. పక్కసీటు ఆమె అడిగింది, "ఏడికి పోతున్నవ్ పెద్దయ్యా?"

"పాలమూరుకు కరెంటిద్దామని."

"మా ఇంట్ల ఫ్యాను తిరుగుతలేదు, జర మాకు గూడ ఇయ్యి," అని నవ్వి, కొండమల్లేపల్లిలో దిగిపోయింది. ఆ సీట్లో నా సంచి కూర్చుంది. ఈ దారిన మునుపు ఇద్దరం వచ్చేవాళ్లం. మా ఆవిడ పోయాక ఇటు రావడం ఇదే మొదలు.

దేవరకొండలో బస్సు మారి, కల్వకుర్తిలో పదింటికి ఇడ్లీ తిని, మహబూబ్‌నగర్‌లో మళ్లీ మారి, ఒంటిగంటన్నరకు ఆత్మకూర్‌లో దిగాను. బావమరిది అంజయ్య బండి తెచ్చాడు. కరెంటాఫీసులో పనుందని తప్ప ఆయనకింకేమీ చెప్పలేదు. ఊళ్లోకి తీసుకెళ్లి జొన్నరొట్టె, పుంటికూర పెట్టాడు. మా ఆవిడకు పుట్టింటివాళ్లు పసుపుకుంకుమ కింద ఇచ్చిన నాలుగెకరాల మెట్టచెల్క, అంజయ్య నాలుగెకరాలు పక్కపక్కనే ఉంటాయి.

"అందరి లెక్క నేను గూడ సోలార్‌కు పెట్టిన బావా. గొర్లెంబడి తిరుగుడు ఇంక నాతోని గాదు. గని వాపస్ పంపిండ్రు. ఎవడో నల్లగొండ దొరంట, సబ్‌స్టేషన్‌ల జాగంతా వాడే గుంజుకున్నడు."

 ఆ దొరను నేనే.

ఆ సబ్‌స్టేషన్ ఇంకా తీసుకోగలిగింది రెండు మెగావాట్లే. ఒక్కో మెగావాట్‌కు నాలుగెకరాలు కావాలి. అంటే నాకు ఒకటే వస్తుంది. కానీ సోలార్ కంపెనీ ఏజెంటు, "రెండుంటేనే కౌలుకు తీసుకుంటం. ఇంకో కంపెనోళ్లు గూడ తిరుగుతున్నరు, జల్ది పెట్టు," అన్నాడు. అంజయ్య చెల్కను కళ్లతోనే కలిపేసుకుని ఎనిమిదెకరాలని రాసేశాను. కాగితాలడిగితే మాటలతో నెట్టుకొద్దామనుకున్నాను.

మూడింటికి ఆఫీసు. ఇంజనీరు చిన్నవయసు అమ్మాయి.

"ఇంకో నాలుగెకరాల పాసుబుక్కేది తాతా?"

ఇంటి దగ్గర మరిచానని చెప్పడానికి నోరు సిద్ధంగా ఉంది. అంజయ్య గుమ్మం దగ్గర, నా సంచి చంకలో పెట్టుకుని నిలబడ్డాడు.

"లేదమ్మా. ఉన్నవి నాలుగే. నాకొకటి చాలు, ఇంకోటి ఈయనకియ్యి."

"చేతికిచ్చేది కాదు తాతా. మీది తగ్గించిన్నంటే జాగా ఖాళీ ఐతది, ఆయన మల్ల దరఖాస్తు పెట్టుకోవాలె." సంతకం పెట్టించుకుని ఆ పిల్ల అంది, "అందరు గిట్లనే ఉత్తగ రాసిపెడ్తే మేం లైన్లు యాడికని ఏస్తం? కాగితాల మీదనేమో సబ్‌స్టేషన్ నిండింది, తీగలల్ల కరెంటే లేదు."

బయటికొచ్చాక అంజయ్య ఒకటే మాటన్నాడు. "నన్నొక్కమాట అడిగితే ఇద్దరం కలిసే పెడ్తుంటిమి గద బావా. మన రెండు చెల్కలు కలిస్తె రెండు మెగావాట్లే."

"ఇప్పుడు పెడదామా?" అన్నాను. బండి స్టార్ట్ చేశాడు. చప్పుడుకు వినబడలేదనుకుంటాను. వినబడే ఉంటుంది.

నాలుగుంబావుకు మహబూబ్‌నగర్ బస్సు. సాగనంపడానికొచ్చినవాళ్లు బస్సు కదిలేదాకా నిలబడటం మా దగ్గర మామూలు. అంజయ్య నా సంచి సీటు మీద పెట్టి వెళ్లిపోయాడు.

ఆ దారిన వెళ్లేవాళ్లు కుడివైపు కూర్చోండి, ఎండ తగలదు. చెల్కల్లో కొత్త టవర్లు బారులు తీరి ఉన్నాయి, వాటికింకా తీగలు లాగలేదు. దేవరకద్ర దగ్గర ఏజెంటు ఫోన్ చేశాడు. ఒకటే ఉందన్నాను. "ఐతె ఒద్దులే పెద్దయ్యా," అని పెట్టేశాడు. తర్వాత నేనే అంజయ్యకు చేశాను. రెండోసారి మోగగానే ఎత్తాడని రాద్దామనుకున్నాను.

ఎత్తలేదు.