కల్లంలో చెప్పిన కథ

నిన్న వినుకొండ బడిలో కథలు రాయడం గురించి పిల్లలతో మాట్లాడటానికి వెళుతుంటే, ఈపూరు దగ్గర బస్సు కిటికీలోంచి ఎండుమిరప ఘాటు ముక్కుకు తగిలింది.

మా చిన్నప్పుడు అమ్మా వాళ్లూ కల్లంలో కూర్చుని ఎండుమిరపకాయల్లోంచి రంగు పోయిన తాలుకాయలు ఏరేవాళ్లు. బడి లేని రోజుల్లో నేనూ వెళ్లి, సొంతంగా అల్లిన కథలు చెప్పేదాన్ని. ఒకసారి తల్లి లేని మేకపిల్ల కథ చెబుతుంటే మరియమ్మ పిన్ని కళ్లు ఒత్తుకుంది. పక్కనున్న వాళ్లూ కొంగులు కళ్లకు అద్దుకున్నారు. నేను పొంగిపోయాను. ఆ సంతోషంలో మేకపిల్లను కూడా చంపేశాను.

“నా కథకే గదా పిన్నీ ఏడుస్తున్నారు?” అన్నాను.

“కథకేందే, కాయల ఘాటుకి,” అంది పిన్ని. అందరూ నవ్వారు.

అమ్మ తలెత్తకుండానే, “కథలకి ఏడ్చే తీరిక ఈడ ఎవరికుందే? నోరు కాదు, చెయ్యి ఆడించు,” అంది.

ఆ రోజంతా కాయలే ఏరాను.

రాయాలన్న కోరిక చచ్చిపోకుండా ఎలా కాపాడుకుంటారని నిన్న ఒక పిల్ల అడిగింది. బాగా చదవమన్నాను. నిజం చెప్పలేకపోయాను. ఆ కల్లంలో ఒక్కరినైనా నా కథతో ఏడిపించాలనే ఇన్నేళ్లుగా రాస్తున్నాను. మా అమ్మతో సహా వాళ్లలో ఎవరికీ చదవడం రాదు.