నాయిస్ గేటు మింగిన కీర్తన

ఆళ్లగడ్డలో మా అక్క మొగుడు, అంటే మా బావ, రిటైరయ్యాక గిటారు పట్టాడు. ఇంట్లోనే వాయించి రికార్డు చేయడానికి నంద్యాల నుంచి డిజిటల్ ప్రాసెసర్ తెప్పించాడు. కాలితో తొక్కితే గిటారు గొంతు మార్చే పెట్టె అది. గుహలో వాయించినట్టు ప్రతిధ్వని కూడా ఇస్తుందట. దానికి బెలుం గుహలకు పోతే సరిపోయేది, కాకపోతే అక్కడ జనం వినాల్సి వస్తుంది.

ఈ రోజు పొద్దున, వంటింటి చప్పుళ్లు పడకూడదని, చిన్న శబ్దాలను ఆపే నాయిస్ గేటును ఆఖరు దాకా తిప్పాడు. హెడ్‌ఫోన్లు బరువని తీసేసి, ఒక కీర్తన వాయించి, వినకుండానే బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు.

సాయంత్రం నేను పోయి విన్నాను. కీర్తన మొత్తాన్ని గేటు ఆపేసింది. చివర్లో గిటారు బల్లకు తగిలిన చప్పుడొక్కటే ఉంది.

"బావా, దీంట్లో ఏమీ ఇనపడ్లేదే," అన్నాను.

"నీ చెవులు పోయినాయిలేప్పా. ఈడ చూడు, అందరూ చప్పట్లు కొడతాండారు. చాగలమర్రి మామకైతే కన్నీళ్లొచ్చినాయంట!"

వంటింట్లోంచి మా అక్క, "మళ్లీ వాయించమనొద్దురా నాయనా, ఇదే బాగుండాది," అంది.

బావ హెడ్‌ఫోన్లు పెట్టుకుని చివరిదాకా విన్నాడు. మొహం చిన్నబోయింది.

"అయితే ఎవురూ ఇన్లేదన్నమాట," అన్నాడు.

ఇప్పుడు గేటు తగ్గించి మళ్లీ కూర్చున్నాడు. చాగలమర్రి మామా, తమరికి ఏ చరణం దగ్గర కన్నీళ్లు వచ్చాయో కింద రాయండి. బావ అక్కడ కాస్త నెమ్మదిగా మీటుతాడు.