అమ్మ నీళ్ళోసుకున్నప్పుడు

లోవు ఊళ్ళో పంతులమ్మగా ఉన్న మా మనవరాలు మొన్న సెలవునాడు బడి నుంచి సినిమా యంత్రం మోసుకొచ్చి, నా తెల్లచీరనే తెరగా కట్టి, కోడిగుడ్డులో పిల్ల తయారయ్యే వైనం చూపించింది. సూక్ష్మదర్శినికి కెమెరా తగిలించి, కాస్త కాస్త ఎడంలో ఒక్కో బొమ్మ తీసి, అన్నిటినీ కలిపి పరుగెత్తిస్తారట. పచ్చసొన మీద ఎర్రటి దారాలు పాకుతుంటే పిల్లలు చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం అమ్మ గుర్తొచ్చింది.

ఒప్పందం రాసి, చెరుకుతోటల్లో కూలికి ఓడెక్కి ఈ దేశం వచ్చిన గిర్మిట్ రోజుల్లో మేమున్న కూలీ లైను గది పట్టపగలే చీకటి. గోడరేకుకి మేకు ఊడిన చిల్లు ఒకటుండేది. ఆదివారం పొద్దున ఎండ అందులోంచి దిగగానే, అమ్మ పొదగవేసిన గుడ్డు తెచ్చి ఆ చిల్లుకి ఆనించి, చుట్టూ అరచేతులు మూసి నన్ను చూడమనేది. దారాలు కనబడితే పెట్ట కిందికి, లేకపోతే పెనం మీదికి. మన ఈడువాళ్ళకి సినిమా అంటే అదే మరి. అలా చూస్తుండగానే ఒకనాడు నా చెయ్యి తన పొట్టమీద పెట్టుకుని, "ఇక్కడా ఒకటుందే, దీనికి చిల్లు లేదు గానీ" అంది.

సులువు పని అడగడానికి నాన్న మా ఇద్దరినీ వెంటబెట్టుకుని, కూలీలకి పని పంచే సర్దారు దగ్గరికి వెళ్ళాడు. ఓడలో నేర్చిన హిందీ మీద ఆయనకి మహా గురి. అయితే పరాయి మగవాడి ముందు పెళ్ళాం కడుపు సంగతి ఎలా చెప్పడం? మనం నీళ్ళోసుకుందంటాం కదా, సిగ్గుపడుతూ ఆ మాటనే హిందీలోకి తిప్పేశాడు. "సర్దార్, ఈ పానీ డాలిస్ హై." అమ్మ తల ఇంకా తడిగానే ఉంది. సర్దారు ఆ తల చూసి నవ్వి, "నహాయ్ లిహిస్, ఠీక్ హై" అన్నాడు. స్నానం చేస్తే మంచిదేగా అని అతని ఉద్దేశం. మా నాన్న చెవికి ఠీక్ హై ఒక్కటే ఆనింది, పని అయిందనుకుని సంబరంగా ఇంటికి తీసుకొచ్చాడు.

మర్నాడు గడ్డి దట్టంగా మొలిచిన కొత్త చేలో అమ్మకి అందరితో సమానంగానే చెరుకు సాళ్ళు కొలిచిచ్చారు. దయతలిచి తగ్గించిందే ఇదనుకుంది పిచ్చితల్లి. ఇదే సులువైతే మిగతావాళ్ళ పాట్లు ఎలాంటివోనని వాళ్ళమీద జాలిపడుతూ, నోరెత్తకుండా గడ్డి చెక్కింది. కొన్నాళ్ళకి ఆ సాళ్ళలోనే కడుపు పోయింది. రెండు భాషలూ తెలిసిన పక్కగది ఆవిడ ద్వారా నాన్నకి అసలు సంగతి తెలిసింది. ఆ తరవాత ఆయన బతికున్నన్నాళ్ళూ హిందీ మాట్లాడలేదు, కొట్లో ఉప్పు కావాలన్నా వేలితో చూపించేవాడు.

లైన్లో ఆడవాళ్ళు అమ్మ చుట్టూ చేరి, ఇంకా ముద్దేగా, ప్రాణం రాలేదులే అని ఊరడించారు. ఆ మాట పట్టుకునే అమ్మ మళ్ళీ లేచి తిరిగింది. నేనూ ఇన్నేళ్ళూ అదే నమ్మాను.

సినిమాలో కళ్ళూ ముక్కూ లేని ముద్దలో ఏదో కొట్టుకుంటోంది, ఏమిటని మనవరాలిని అడిగాను. "హార్ట్, అవ్వా. ఓహీ సబ్ సే పహిలే చలే" అంది. అన్నిటికన్నా ముందు గుండేనట, మనుషుల్లోనూ అంతేనట. మా రోజుల్లో ఎవరికీ తెలియనివి ఇప్పుడు పసిపిల్లలకి తెలుసు, సంతోషమే. అమ్మ మాత్రం ఇది చూడకుండానే వెళ్ళిపోయింది, అదే నయం.