రాజవ్వ అక్క, నేను, గుట్ట మీద పేర్చిన ఇల్లు

నిన్న పొద్దుగాల మన చుట్టాల గ్రూపుల రాజవ్వ అక్క ఫోటో వచ్చింది.

నెత్తి మీద కొంగు, మొఖం నిండ నవ్వు. ఏదో పెండ్లిల దిగిన ఫోటో అనుకొని లైక్ కొట్టిన.

తర్వాత కింద రాసింది చదివిన. తెల్లారంగ పోయిందట.

ఆ లైక్ ఎట్ల తీసెయ్యాల్నో నాకు తెల్వలె. మెసేజ్ తప్పేమోనని ఇద్దరికి ఫోన్ చేసిన. నిజమే అన్నరు.

తెల్వనోళ్లకు చెప్తున్న. రాజవ్వ అక్క నాకు యారాలు, మా ఆయన అన్నకు భార్య. నేను రెంజల్ నుంచి ఎడపల్లికి కోడలుగ పోయింది డెబ్బైల మొదట్ల. అప్పటికే ఆమె ఆ ఇంటికొచ్చి ఎనిమిదేండ్లు. ఇంట్ల పదకొండు మందిమి.

ఆమె నన్ను ఒకసారి ఒక మాట అడిగింది. యాభై ఏండ్లయితుంది, నేను జవాబు చెప్పలె. అది చెప్పనీకెనే ఈ పోస్ట్ పెడుతున్న.

శ్రావణంల ఒక శనివారం ఊరవతల గుట్ట ఎక్కుడు మా ఇంటి రివాజు. పైన చిన్న హన్మాండ్ల గుడి. ఎక్కిన దారిల దిగొద్దు, గదే రూల్. ముంగట మెట్ల దిక్కు ఎక్కాలె, వెనుక బండల దిక్కు దిగాలె, గుట్ట సుట్టు తిరిగి చెరుకు తోటల గట్ల మీదికెల్లి ఇంటికి రావాలె. ఇప్పటోళ్లు దీన్నే ట్రెక్కింగ్ అంటున్నరు, బూట్లేస్కొని పోతున్నరు. నేను కోడలుగ వచ్చిన ఏడు అక్క, నేను చెప్పుల్లేకుంట, అటుకుల మూటతోని పోయినం.

నాకు సగం మెట్లకే దమ్మొచ్చింది. ఆమె పైమెట్టు మీద నిలబడి, "ఓ పిల్లా, మీ బాపు నిన్ను మంచం దించలేదా ఏంది?" అని ఎగతాళి.

నాకు మండింది. ఆ రోజుల్ల ఆమె ఏం మాట్లాడినా నాకు మండుడే.

ఇంట్ల తాళంచెవులు ఆమె కాడ ఉండె. తలకు నూనె కావాలన్నా అడగాలె, సబ్బు కావాలన్నా అడగాలె. ఆమె ఏనాడూ లేదనలె. కాని ఆ అడుగుడు నాకు నామోషీ.

పైకి పోయినంక గాలి మస్తుండె. కింద అంత చెరుకే. బోధన్ దిక్కు చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టం కనవడుతుండె, సీజన్ కాదు గనక పొగ లేదు.

గుడి వెనుక బండ మీద రాళ్లు పేరుస్తరు, మీకెర్కే. ఇల్లు కావాలె స్వామీ అని మొక్కుకుంట రాయి మీద రాయి పెట్టుడు. ఆమె కొబ్బరికాయ కొట్టే లోపల నేను గబగబ ఐదు రాళ్లు పేర్చిన.

నాకు, మా ఆయనకు వేరే ఇల్లు కావాలె. రాజవ్వ అక్క లేని ఇల్లు కావాలె. గిదీ నా మొక్కు.

ఆమె వచ్చి చూసింది. "ఎవల ఇల్లే ఇది?" అన్నది.

"మనదే అక్కా" అన్న.

అబద్ధం. నోట్లెకెల్లి అట్లనే వచ్చింది.

ఆమె సంబురం చూడాలె. అప్పుడు మా పెంకుటిల్లు వానకు కురుస్తుండె, కొత్తిల్లు అంటె అందరికి ఆశ. కొంగు నడుముకు చెక్కుకొని రాళ్లు ఏరుడు షురూ చేసింది. "గింత ఇంట్ల పదకొండు మంది పడ్తరానే?" అని పక్కపొంటి ఇంకో వరుస పేర్చింది. తర్వాత జర ఇవతలికి మూడు సదును రాళ్లు పెట్టి, "ఇది నీ అర్ర. కిటికీ రెంజల్ దిక్కు పెట్టిపిస్త" అన్నది.

దిగేటప్పుడు నేను ఆమె మొఖం చూడలె. బండల మీద జారి పడ్తనని నా చెయ్యి పట్టుకున్నది, చెరుకు తోటలు వచ్చేదాకా విడవలె.

రెండేండ్లకు మా ఆయనకు నిజామాబాద్ల నౌకరి దొరికింది. వేరు పడ్డం. సామాన్లు సదురుతుంటె ఆమె పసుపు, చింతపండు, పప్పు మూటలు కట్టి ఇచ్చింది. ఇచ్చి మెల్లగ అడిగింది.

"పిల్లా, గుట్ట మీద నువ్వు మొక్కింది ఇప్పుడు పోతున్న గీ ఇంటికేనా?"

కోపం లేదు ఆ గొంతుల. తెలుసుకుందామని అడిగింది.

"బస్సు టైం అయితుంది అక్కా" అన్న.

ఆ తర్వాత పండుగలకు కలిసినం, పెండ్లిళ్లల కలిసినం, నవ్వుకున్నం. ఆమె మళ్ల అడగలె. పోయిన ఎండకాలం ఒక పెండ్లిల పక్కన కూసోని, "అక్కా, ఆ గుట్ట..." అని షురూ చేసిన. "మోకాళ్లు పోయినయే, ఇగ ఏం గుట్ట" అని నవ్వి నా ప్లేట్ల ఇంకో లడ్డు ఏసింది. నాకు గూడ అక్కడికి ఆపుడే సులువనిపించింది.

నిజామాబాద్ల సొంతిల్లు కట్టినం. మూడు అర్రలు. ఆయన పోయి ఆరేండ్లు. ఇప్పుడు దేనికీ ఎవరినీ అడిగే పని లేదు. పొద్దందాక నోరు తెరిచే పని గూడ లేదు. మనిషి గొంతు వినవడాలని టీవీ పెట్టుకొని వంట చేస్త.

నిన్ననే ఎడపల్లికి పోయిన. వాకిట్ల ఆడోళ్ల మధ్య కూసున్న. అక్క మనుమని భార్యట, కొత్త పిల్ల, నన్ను ఎన్నడూ చూడలె. "ఈమె మీకేమైతది అవ్వా?" అని అడిగింది.

"యారాలు" అన్న.

నాకున్న యారాలు ఆమె ఒక్కతే. ఇగ నేను గూడ ఎవ్వరికీ యారాల్ని కాను.

అవునక్కా. గీ ఇంటికే మొక్కిన. నువ్వు లేని ఇల్లు కావాలని అడిగిన.

దొరికింది. అండ్లనే ఉన్న, ఒక్కదాన్నే.

నిమ్మళంగ పండుకో అక్కా. నీ మనసు సల్లగుండాలె.