రామాంజినప్ప తిన్నానన్న ముద్ద

కర్ణాటక అంచున తెలుగు మాట్లాడే పరగోడులో ఎవరికి ఎవరు ఎదురుపడినా మొదట అడిగేది ఒకటే, ముద్ద తింటివా అని. ముద్దంటే రాగిముద్ద, ఆ ఊరికి అదే అన్నం. వాన సంగతీ, టమోటా ధర సంగతీ, ఎవరింట్లో ఎవరికి జ్వరమొచ్చిందన్న సంగతీ అన్నీ దాని తర్వాతే. జవాబు కూడా ఒకటే. తింటి. తిననివాడు కూడా తింటి అనే అనాలి, లేకపోతే అడిగినవాడి మెడకు చుట్టుకుంటుంది. లేదన్న మనిషిని ఇంటికి పిలిచి పెట్టకుండా ముందుకు పోతే ఊళ్ళో మర్యాద ఏం మిగులుతుంది? అందుకని ఊరంతా ఒకరినొకరు అడుక్కుంటూ, తింటిమని చెప్పుకుంటూ హాయిగా బతికేస్తుంటారు. రామాంజినప్ప కూడా మూడేళ్ళుగా అదే జవాబు చెప్తున్నాడు. ఆ మూడేళ్ళలో అతని ఇంట్లో ముద్ద అనేది చేసిందే లేదు.

నలభై ఆరేళ్ళ మనిషి. మూడెకరాల పొలం, ఒక బోరు, బోరు కింద టమోటా. పెళ్ళి కాలేదు. కాలేదంటే అతనిలో వంకేదో ఉందనుకునేరు, అదేమీ లేదు. మంచి ఎత్తరి, సారాయి ముట్టడు, నోరు మెత్తన. కానీ ఆడపిల్ల తల్లిదండ్రులు వచ్చి కూర్చుని, కాఫీ తాగి, పిల్లోడికి బెంగళూరులో పనేమన్నా ఉండాదా అని అడిగేవారు. సేద్యమని చెప్పగానే వాళ్ళకు బస్సు టైం గుర్తొచ్చేది. అలా పదీ పన్నెండు సంబంధాలు కాఫీతోనే ముగిశాయి. ఆ తర్వాత ఆడపిల్లల వాళ్ళు రావడం మానేశారు, వీళ్ళూ వెతకడం మానేశారు. ఇంట్లో తల్లి అక్కయమ్మా, అతనూ మిగిలారు.

అక్కయమ్మ వంటకు వారం లెక్క ఉండేది. సోమవారం ఉలవలు ఉడికించి కాచిన సారు. మంగళవారం గట్టు మీద దొరికిన ఆకులన్నీ ఉడికించి మెదిపిన మసొప్పు. బుధవారం అలసందలూ వంకాయా. గురువారం కాల్చిన మిరపకాయలు నూరి కలిపిన ఉప్పుసారు, శుక్రవారం కందిపప్పు, శనివారం ఆంజనేయస్వామి పేరు చెప్పి ఒంటిపూట. ఆదివారం కోడి. దేనితోనైనా మనిషికొక ముద్ద, ఇంకొంచెం కావాలంటే సగం. ఆమె తెడ్డు తిప్పుతుంటే కుండ నోట్లోంచి వచ్చే రాగి వాసనకే ఆకలి పుట్టేది. మూడేళ్ళ కిందట మాఘమాసంలో ఆమె నిద్రలోనే పోయింది. ఎవరికీ ఏ పనీ పెట్టకుండా పోయిందని చుట్టాలు మెచ్చుకున్నారు. పదకొండో రోజు వాళ్ళే వండి, వాళ్ళే తిని, ఇతనికీ పెట్టి, సాయంత్రం బస్సుకు ఎవరి ఊరు వాళ్ళు వెళ్ళిపోయారు.

మరుసటి రోజు రామాంజినప్ప ముద్ద చేయబోయాడు. ఇంట్లో ఉన్న కుండ నలుగురికి సరిపోయేది. ఒక్కడికి కావలసిన నీళ్ళు దాని అడుగున తెలిసీ తెలియనట్టు మరిగాయి. పిండి వేస్తే ఉండలు కట్టింది. ఇంకో రోజు నీళ్ళు ఎక్కువ పోశాడు, అప్పుడు ముద్ద బాగానే వచ్చింది, కానీ మూడు వచ్చాయి. ఆ మూడు ముద్దలూ పళ్ళెంలో పెట్టుకుని వాటి వంక చూస్తూ కూర్చున్నాడు. ఏడుపొచ్చింది. ఎవరూ లేరు కాబట్టి కాసేపు ఏడ్చాడు కూడా. ఆ తర్వాత కుండ తోమి అటక మీద పెట్టేశాడు.

ఆ వారంలోనే ఒకనాడు పొలం పక్కవాడు బయ్యప్ప ఎదురొచ్చి ముద్ద తింటివా అని అడిగితే, మనసులో దిగులుండి, ఇంకా లేదప్పా అని ఉన్నమాట అనేశాడు. బయ్యప్ప వెంటనే భుజం పట్టుకుని ఇంటికి తీసుకుపోయాడు. అతని భార్య కెంపమ్మ పీట వేసి ప్రేమగా పెట్టింది. రెండోరోజూ అదే ప్రశ్న, అదే జవాబు, అదే పీట. మూడోరోజు రామాంజినప్ప వీధి మలుపు తిరిగేసరికి, ఎదురుగా వస్తున్న బయ్యప్ప ఫోను చెవికి పెట్టుకుని పక్క సందులోకి మళ్ళాడు. ఆ ఫోను మోగలేదు, మాట్లాడేవాళ్ళూ లేరు. బయ్యప్ప చెడ్డవాడేం కాదు. ఇంటినిండా పిల్లలు, ముసలివాళ్ళు, రోజూ ఇంకొకరంటే ఎవరికైనా బరువే. అది రామాంజినప్పకు తెలుసు. తెలిసినా నొచ్చుకున్నాడు. ఆ రోజు నుంచి ఎవరడిగినా తింటి అనడం మొదలుపెట్టాడు.

మరి తినేదేమిటంటే, తెల్లారి టమోటా పెట్టెలతో బాగేపల్లి మండీకి పోయినప్పుడు రెండు టీలు, ఒక తియ్య బన్ను. పదకొండింటికి బోండాలు. మధ్యాహ్నం పరోటా. సాయంత్రం గోబీ మంచూరియా బండి దగ్గర ఎర్రగా వేయించిన గోబీ ఒక ప్లేటు. ఇంటికొచ్చాక టీలో ముంచుకుని రస్కులు. అన్నీ నిలబడి తినేవే, కాగితంలో తినేవే. వాటిలో అతనికి ఒక సుఖం ఉండేది. బండి దగ్గర అందరూ ఒంటరిగానే నిలబడి తింటారు. ఎవరూ ఎవరినీ, నీకు తోడెవరని అడగరు.

మొన్న చైత్రంలో టమోటా పెట్టె జారి ఎడమ కాలి బొటనవేలి మీద పడింది. చిన్న గాయమే, నెలైనా మానలేదు. దాహం ఎక్కువైంది, చూపు మసకగా ఉంది. ఊరి ఆరోగ్య కేంద్రానికి పోతే ప్రతిమ వేలు గుచ్చి చూసింది. ఆమెది చింతామణి వైపు, ముప్పై ఏళ్ళుంటాయి, రెండేళ్ళుగా ఈ ఊళ్ళోనే నర్సు పని. చక్కెర మూడువందల పద్దెనిమిది. బాగేపల్లిలో రక్తం ఇచ్చి రమ్మంటే కొవ్వు కూడా మామూలుకు రెండింతలు ఉందని చీటీ వచ్చింది. ఆమె అక్కడి డాక్టరు రాసిన మాత్రలు చేతికిచ్చి, అతని పేరు మీద ఒక నోటు పుస్తకం తెరిచి, రోజూ ఏం తింటావప్పా అని అడిగింది.

ఆమె అడిగింది చికిత్స కోసం. రామాంజినప్ప చెవికి మాత్రం వీధిలో అడిగినట్టే వినిపించింది. ముద్ద అన్నాడు. దేనితో అని ఆమె అడిగింది. అప్పుడు తల్లి వారమంతా చెప్పుకొచ్చాడు. ఉలవలు ఎలా నానబెట్టాలో, ఉప్పుసారుకు మిరపకాయలు ఎంత కాల్చాలో, మసొప్పులో చింతపండు ఎందుకు తక్కువ పడాలో అన్నీ చెప్పాడు. ఆమె పేజీ నిండా కన్నడంలో రాసుకుంది. ఆ పావుగంటా అతనికి నోరూరింది, మనసు కుదుటపడింది. తల్లి గురించి ఎవరితోనైనా అంతసేపు మాట్లాడి ఎన్నాళ్ళయిందో! అబద్ధం చెప్పానన్న సంగతి ఇంటికొచ్చి రస్కుల పొట్లం విప్పేదాకా తోచలేదు.

నెల తర్వాత చూస్తే చక్కెర రెండువందల తొంభై. ప్రతిమకు అర్థం కాలేదు. సగం ముద్ద తగ్గించమంది. అతను ఒప్పుకుని, తినని ముద్దను సగం తగ్గించాడు. మరుసటి నెల ఆదివారం కోడి మానమంటే, లేని కోడిని బుద్ధిగా మానేశాడు. చక్కెర మూడువందలు దాటింది. నవ్వొచ్చే విషయమే, కాని వేలి చుట్టూ నలుపు మొదలైంది.

ఆ రోజుల్లోనే బడి వరండాలో ప్రతిమ ఒక శిబిరం పెట్టింది. ముప్పైమంది దాకా వచ్చారు. రాగి మంచిదని మూడేసి ముద్దలు మింగితే అదీ చక్కెరేనని, పళ్ళెంలో ముద్ద చిన్నదిగా, కూరాకూ గింజలూ ఎక్కువగా ఉండాలని చెప్పింది. మైదా, నూనెలో వేగినవి, చక్కెర టీలు కలిసి రక్తంలో కొవ్వవుతాయని చెప్పింది. చెప్పి ఊరుకోకుండా, మన ఊళ్ళో సరిగ్గా తినే మనిషి ఒకడున్నాడంటూ రామాంజినప్పను లేపి నిలబెట్టింది. ఇంట్లో ఏమేం చేసుకుంటాడో నాలుగు మాటలు చెప్పమంది.

ఎదుట రెండో వరసలో కెంపమ్మ కూర్చుని ఉంది. ఆమె వెనక ఆడవాళ్ళందరికీ అతని వంటింటి సంగతి తెలుసు. మూడేళ్ళుగా ఆ ఇంట్లో టీ తప్ప ఏదీ కాగలేదని, పెరట్లో రస్కుల కాగితాలే ఎగురుతాయని ఎరగనివాళ్ళు లేరు. రామాంజినప్ప ఉలవల సారు గురించి చెప్పాడు. ఒక్కరూ నవ్వలేదు. అబద్ధమని ఒక్కరూ అనలేదు. అన్నారంటే అతను తినలేదని తమకు తెలుసని ఒప్పుకున్నట్టు, ఒప్పుకుంటే ఆ పూట నుంచే పిలిచి పెట్టాలి. కెంపమ్మ తల వంచుకుని కొంగు అంచు సరిచేసుకుంది. ఎవరైనా ఒకరు కాదంటే బాగుండునని అతనికి అనిపించింది. ప్రతిమ చప్పట్లు కొట్టింది, మిగిలినవాళ్ళూ కొట్టారు.

ఇంత సరిగ్గా తింటున్నా చక్కెర దిగడంలేదంటే మందు చాలడం లేదనుకున్నాడు బాగేపల్లి డాక్టరు. సాయంత్రం ముద్దకు ముందు ఇంకో మాత్ర వేసుకోమన్నాడు. వచ్చే నెలకీ ఇలాగే ఉంటే వేలు తీసేయాల్సి రావచ్చునని కూడా మెల్లగా చెప్పాడు. ప్రతిమ మాత్రలు చేతిలో పెట్టి, తినకుండా మాత్రం వేసుకోవద్దని మరీమరీ చెప్పింది. రామాంజినప్ప తలూపాడు. తలూపడంలో అతన్ని మించినవాడు లేడు.

నాలుగు రోజులు గడిచాయి. అయిదోనాడు సాయంత్రం జోరున వాన, గోబీ బండి రాలేదు. ఇంట్లో రస్కులు అయిపోయాయి. వేలు పోతుందన్న భయం మాత్రం ఉంది కాబట్టి మాత్ర మరిచిపోలేదు, నీళ్ళతో మింగి పడుకున్నాడు. తెల్లారి టీ కూడా తాగకుండా కాయలు కోయడానికి పొలానికి పోయాడు. రెండు సాళ్ళు కోసేసరికి చేతులు వణికాయి, చొక్కా తడిసిపోయింది, కళ్ళు తిరిగి టమోటా తీగలకు పాతిన కర్రల మధ్య కూలబడ్డాడు. పక్క పొలంలోంచి బయ్యప్ప చూసి పరుగెత్తుకొచ్చాడు. పిలిస్తే మాట ముద్దగా వస్తోంది. తన ఫ్లాస్కులోని తియ్యటి టీ గుక్కగుక్కగా తాగించి, కాయలు మోసే ఆటోలో పడుకోబెట్టి, ఆరోగ్య కేంద్రానికి తెచ్చాడు. అంత టీ తాగాక కూడా చక్కెర యాభై రెండే ఉంది.

ప్రతిమ గ్లూకోజు నీళ్ళు తాగించింది. అరగంటకు మనిషి తేరుకుని లేచి కూర్చున్నాడు. రాత్రి ఏం తింటివని ఆమె అడిగింది. అలవాటుగా నోట్లోంచి ముద్ద అన్నమాటే వచ్చింది. వాకిట్లో నిలబడ్డ బయ్యప్ప ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

ప్రతిమ కుర్చీ దగ్గరికి లాక్కుని ఎదురుగా కూర్చుంది. కోపంగా లేదు, భయపడి ఉంది.

"తిని ఈ మాత్ర ఏసుకుంటే ఇట్ల కాదప్పా. నువ్వు చెప్పినదాన్ని నమ్మి మందు పెంచితిమి. ఇంగా పెంచితే నా చేత్తోనే నిన్ను సంపుకుంటా. నిజం చెప్పు. నువ్వు ముద్ద తిని ఎన్నాళ్ళాయె?"

రామాంజినప్ప బయ్యప్ప వైపు చూశాడు. ఇప్పుడు చెప్తే ఊళ్ళో ప్రతి వాకిలినీ అడుక్కున్నట్టవుతుంది. ఇన్నాళ్ళూ ఆ సిగ్గుకే భయపడ్డాడు. కాని ఇంకో అబద్ధానికి అతనికి ఓపిక లేకపోయింది. ఒంట్లోంచి అంతా తోడేసినట్టుంది.

"మా యమ్మ పోయిన పదకొండో దినం తింటినమ్మా. బంధువులు వండింటే. ఆ వారంలోనే బయ్యప్ప ఇంట్లో రెండు దినాలు. ఆ తర్వాత లేదు. ఇంట్లో ఎవురూ లేరు."

బయ్యప్ప లోపలికి వచ్చి గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. ప్రతిమ డాక్టరుకు ఫోను చేసింది, సాయంత్రం మాత్ర ఆపేయమన్నారని చెప్పింది. తర్వాత నోటు పుస్తకం తీసి, ఆ పేజీ తెరిచి, సోమవారం దగ్గర అడ్డంగా గీత పెట్టబోయింది. రామాంజినప్ప గభాలున చెయ్యి చాచి పేజీ మీద అరచెయ్యి ఆనించాడు.

"కొట్టెయ్యద్దమ్మా. అది మా యమ్మ వండింది. నాది కింద రాసుకో."

ఆమె పెన్ను వెనక్కి తీసుకుంది. కింద కొత్తగా సోమవారం అని రాసింది. అతను చెప్పడం మొదలుపెట్టాడు. రెండు టీలు, బన్ను, బోండా, పరోటా, గోబీ, రస్కులు. ఆమె రాసి, దాని కింద మంగళవారం అని రాసి తలెత్తింది.

"అదేనమ్మా," అన్నాడు రామాంజినప్ప. "అన్ని దినాలూ అదే."